బహుమతి నవలలో మా చెరువు

ఇప్పుడు మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో కొల్లేరంత సరస్సుంది, ఢిల్లీ దాకా పాకిన కీర్తి ఉంది, గురువు మీద శిష్యులకు పుట్టిన అనుమానం ఉంది, ఒక కుటుంబం నిలుస్తుందా మునుగుతుందా అన్న ప్రశ్న ఉంది. సరస్సు కొల్లేరంత ఎందుకుందంటే అది కొల్లేరే కాబట్టి. మిగతావి కొంచెం పెంచి చెప్పాను. నిజానికిది మా బాబాయి చేపల చెరువుకున్న పడమటి గట్టు గురించి. అది ఉండాల్సిన చోట లేదు.

కొల్లేటిలో మాదొక లంక ఊరు. బాబాయికి అక్కడొక చేపల చెరువుంది. చుట్టూ మట్టిగట్టు, ఓ మూల మోటారు షెడ్డు, లోపల బొచ్చె, రోహు. చేప పట్టేశాక వేసవిలో నీళ్ళు తోడించి గట్టు బాగుచేయిస్తారు. బాగుచేసేటప్పుడు మట్టి లోపలి వైపు నుంచి తీసి బయటి వైపు వేస్తారు. దాంతో గట్టు ఏటా ఓ అడుగు సరస్సులోకి జరుగుతుంది. ఎవరూ జరపరు, అదే జరుగుతుంది. మా ఊరి గట్లన్నీ ఇలాగే, ఏ తొందరా లేకుండా, ఏళ్ళ తరబడి నడిచాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలుసునని ఒకరితో ఒకరు అనరు. మాది చాలా మర్యాద గల ఊరు.

సరస్సు హద్దు దాటిన చెరువుల్ని ఇదివరకోసారి ప్రభుత్వం కొట్టేసింది. మళ్ళీ సర్వే వస్తుందని కొన్నాళ్ళుగా అనుకుంటున్నారు. ఊరికి జీపు వస్తే చాలు, అది పెళ్ళివారిదైనా సరే, మా బాబాయికి అన్నం సహించేది కాదు. సరిగ్గా అలాంటి రోజుల్లో మా టీచరమ్మగారికి సాహిత్యంలో దేశంలోకెల్లా పెద్ద బహుమతి వచ్చింది.

టీచరమ్మగారు మిషన్ బడిలో చదువుకుని మా పక్క లంక నుంచి దోనె మీద వచ్చి మా ఊరి ఒంటిగది బడిలో పాఠాలు చెప్పినావిడ. బాబాయి తరం వాళ్ళందరికీ అక్షరాలు, ఎక్కాలు, గోడకుర్చీలు ఆవిడ చలవే. రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. ఆవిడ నవలలు రాస్తారన్నది ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసుంటే ఆవిడ ముందు కాస్త జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు.

మొదటి రెండు రోజులు ఊరంతా సంబరమే. బస్సు ఆగే చోట ఫ్లెక్సీ కట్టారు. అందులో టీచరమ్మగారి ఫోటో అరచేయంత, అభినందించే పెద్దల ఫోటోలు నిలువెత్తు. కొత్తవాళ్ళు చూస్తే బహుమతి వాళ్ళందరికీ కలిపి వచ్చిందనుకుంటారు. మూడో రోజున భీమడోలులో బట్టల కొట్టున్న మా ఊరి అల్లుడొకాయన ఘోరమైన పని చేశాడు. ఆ నవల కొని చదివాడు. చదివి ఊరుకోక ఒక పేజీ ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆ పేజీలో ఒక లంక రైతు ఉన్నాడు. ఏటా వేసవిలో గట్టు మరమ్మతు పేరుతో చెరువుని సరస్సులోకి జరుపుకుంటూ పోతాడు. అతనికి నీలం రంగు మోటారు షెడ్డుంది. పడమటి గట్టు మీద మూడు తాటిచెట్లున్నాయి. మా బాబాయికీ నీలం షెడ్డు, పడమటి గట్టు, దాని మీద మూడు తాటిచెట్లు ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నమే నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు తెలుగు ఎమ్మేవి కదూ?"

ఆ సంగతి మా బంధువులు అప్పటిదాకా నా ముందు ఎత్తేవారు కాదు, నేను బాధపడతానని. ఏలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని నేను. మార్కులు బాగా పడతాయని పిల్లలంతా సంస్కృతం తీసుకుంటారు కాబట్టి, కాలేజీవాళ్ళు నన్ను హాజరుపట్టీలకీ, హాస్టల్లో సాంబారు క్యూకీ వాడుకుంటున్నారు.

"అవును బాబాయ్."

"నవల్లో రాసింది సర్వేవాళ్ళ దగ్గర సాక్ష్యంగా చెల్లుతుందా?"

"ఎమ్మేలో ఆ పేపరు లేదు బాబాయ్."

"వెటకారం తర్వాత చేద్దువు గానీ. ఆ గట్టు కొట్టేస్తే ఏవవుద్దో తెలుసా? ఒక పక్క గట్టు పోతే నీళ్ళు నిలవవు. నీళ్ళు నిలవకపోతే చెరువు లేదు. చెరువు లేకపోతే మీ తమ్ముడూ చెల్లీ కాలేజీలు మానేసి ఇంటికొచ్చి కూర్చోవాలి. మాకింకేం ఉంది చెప్పు?"

నిజంగానే ఇంకేం లేదు. అందుకే ఎదురు జోకు వేయలేదు. ఆయన నాకు రెండు పనులు పెట్టాడు. ఒకటి, నవలంతా చదివి ఇంకెక్కడైనా మనల్ని పట్టిచ్చే గుర్తులున్నాయేమో చూడటం. రెండు, ఇదివరకు ఆ బహుమతి వచ్చిన ఘనులు ఏమేం రాశారో, ఆ రాతల వల్ల ఎవరికైనా భూమో చెరువో పోయిందేమో కనుక్కోవటం. ఎమ్మే రెండేళ్ళలో ఇంత సూటి పరిశోధనాంశం మా ప్రొఫెసర్లు ఒక్కరూ ఇవ్వలేదు.

ఏలూరులో జిల్లా గ్రంథాలయానికి వెళ్ళాను. నవల అడగ్గానే లైబ్రేరియన్ గారు కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"మీది కూడా కొల్లేరేనాండీ?"

"అవునండీ. ఎలా కనుక్కున్నారు?"

"ఈ వారంలో ఎనిమిదిమంది వచ్చారండీ. ఒక్కరూ పుస్తకం మొదటి నుంచీ చదవరు. గట్టు ఎక్కడుందో ఆ పేజీ చూపించమంటారు. ఇన్నేళ్ళలో ఎవరికి బహుమతి వచ్చినా పుస్తకం కావాలని అడిగినోళ్ళు లేరు. నాకు తెలీకడుగుతాను, ఏవండీ, రైతులకి ఇదేవన్నా స్కీమాండీ?"

కాదని చెప్పాను. ఆయన నమ్మలేదు. తనకి కూడా ఓ అప్లికేషన్ దొరుకుతుందేమోనన్న ఆశ ఆయన ముఖంలో చివరిదాకా ఉంది. నవల మీద పెన్సిలు గీతలు అప్పటికే పడ్డాయి. గట్టు అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఒక గీత. కథానాయిక చనిపోయే పేజీ మాత్రం తెల్లగా, నలగకుండా ఉంది.

బహుమతి పొందిన పుస్తకాలకి అక్కడ విడిగా ఒక బీరువా ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి కోసం అరగంట వెతికారు. దొంగల భయం ఎవరికి ఉన్నా ఆ బీరువాకి అక్కర్లేదు. మూడు వారాలపాటు సాంబారు క్యూ దగ్గర నిలబడి ఆ ఘనులందర్నీ చదివాను. వాళ్ళలో కవులు ఎక్కువ. కవుల వల్ల రైతుకి ఏ ఇబ్బందీ లేదు. వెన్నెల, నది, స్వేచ్ఛ లాంటివాటి చుట్టూ తిరుగుతారు గానీ సర్వే నంబర్ల జోలికి రారు. తర్వాత విమర్శకులు. వాళ్ళు తిట్టేది సాటి రచయితల్ని కాబట్టి అది వాళ్ళ ఇంటిగొడవ. అనుమానించాల్సింది కథలవాళ్ళనీ నవలలవాళ్ళనీ. ప్రతి ఒక్కరూ సొంత ఊరి గురించే రాశారు. రాసి, ఇందులో మనుషులంతా కల్పితమని ముందుమాటలో చెప్పుకున్నారు. నేను కాలేజీలో హాజరు చూసేవాణ్ణి. పదిమంది ఒకే సాకు ఒకే మాటల్లో చెబితే ఏం జరిగిందో నాకు తెలుసు.

ఇదే బాబాయికి ఫోన్లో చెప్పాను.

"అయితే ఆవిడ కవయిత్రి అయ్యుంటే మనకి గొడవే లేదన్నమాట," అన్నాడు.

"ఉండేది కాదు బాబాయ్. మూడు తాటిచెట్లూ ఆకాశంతో మాట్లాడి ఊరుకునేవి."

"మా ఖర్మ," అన్నాడు.

ఆ ఆదివారం ఊరెళ్ళాను. ఊరి రంగు మారిపోయింది. నవల్లో షెడ్డు నీలం కాబట్టి ఊళ్ళో నీలం షెడ్డన్నదే లేకుండా చేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు వేయించుకున్నారు. కానీ కైకలూరులో రంగుల కొట్టాయన దగ్గర మిగిలినవి ఒకే రకం డబ్బాలు కావటంతో, అన్ని షెడ్లూ ఒకే చిలకాకుపచ్చలో తేలాయి. దూరం నుంచి చూస్తే ఊరంతా ఏదో పార్టీలో చేరినట్టుంది. బాబాయి ఇంకో అడుగు ముందుకేసి, మూడు తాటిచెట్లలో ఒకటి కొట్టించేశాడు.

"నవల్లో మూడు. మనకి రెండు. ఇంకెక్కడ సరిపోద్ది?" అన్నాడు గర్వంగా.

"మొదలు ఇంకా తెల్లగా కనబడుతోంది బాబాయ్."

"దాని మీద పేడ కొట్టమన్నాలే."

ఇంట్లో అసలు విచారణ వేరే నడుస్తోంది. టీచరమ్మగారు ఊరొదిలి చాలా కాలమైంది. మరి గట్టు సంగతి ఆవిడకి చేరవేసిందెవరు? బాబాయి అనుమానం పిన్ని మీద. పిన్ని ఏటా క్రిస్మస్‌కి టీచరమ్మగారికి రొయ్యల పచ్చడి పంపిస్తుంది.

"పచ్చడి పంపినప్పుడు దాంతోపాటు ఇంకేం పంపావు?" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"ఏవండీ, మీకు మతుండే మాట్లాడుతున్నారా? పచ్చడి సీసాలో గట్టు కొలతలు పెట్టి పంపుతానా?"

"ఫోన్లో మాట్లాడలేదూ?"

"మాట్లాడాను. ఉప్పు ఎక్కువైందన్నారు. అదేవన్నా నవల్లో వచ్చిందేమో చూడమనండి మీ ఎమ్మేని."

చూశాను. రాలేదు. ఆ మాట చెబితే బాబాయి చూపు నా మీదికి తిరిగింది. "తెలుగు చదివినోళ్ళంతా ఒకటే. మీకూ మీకూ ఏవైనా సంఘం ఉందా?" అన్నాడు. తెలుగు చదివినవాళ్ళు ఎక్కడైనా ముగ్గురు చేరితే నాలుగు సంఘాలు పుడతాయి, కానీ అందులో ఒక్కదానికీ మా గట్టు సంగతి తెలియదని ఒట్టేశాను.

ఈలోగా తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపంలో టీచరమ్మగారికి సన్మానమని తెలిసింది. ఆవిడనే మొహం మీద అడిగేద్దామని బాబాయి తీర్మానించాడు. ఇద్దరం ఏలూరులో ప్యాసింజర్ ఎక్కాం. ఎక్కి చూస్తే పెట్టెలో సగం మా ఊరే. ఒకాయన గూడెం మార్కెట్లో ఉల్లిపాయలకని చెప్పాడు. ఇంకొకాయన కంటి డాక్టరన్నాడు. మూడో ఆయన ద్వారకా తిరుమల మొక్కుందన్నాడు. ద్వారకా తిరుమలకి దిగాల్సిన భీమడోలు వచ్చింది, రైలు ఆగింది, కదిలింది, ఆయన దిగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. చెప్పాను కదా, మర్యాద గల ఊరు.

మండపంలో మా పదిమందినీ చూసి నిర్వాహకులు ముందు పొంగిపోయారు. ఓ సాహిత్య సభకి ఇంతమంది రైతులు సొంత ఖర్చుతో రావటం వాళ్ళు ఎరగరు. కాసేపటికి వాళ్ళకీ అనుమానం తగిలింది. కార్యదర్శి గారు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు.

"వీళ్ళు భోజనాలకి ఉంటారాండీ? మేం యాభై ఆకులే చెప్పామండీ."

వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ మీద తెలుగులో ఆ బహుమతి వచ్చిన పూర్వులందరి ఫోటోలూ వరసగా ఉన్నాయి. బాబాయి దగ్గరికెళ్ళి, పోలీసు స్టేషన్లో పాత నేరస్తుల ఫోటోలు చూసినట్టు ఒక్కొక్కరినీ పరిశీలించాడు.

"ఈయనెవర్రా?"

"కవి బాబాయ్."

"వదిలెయ్. ఈ మీసాలాయన?"

"నవలలు. వాళ్ళ ఊరి గురించే."

"చూపులోనే తెలుస్తోంది. ఆ ఊరోళ్ళు ఏవయ్యారో పాపం."

ఆ మీసాలాయన మీద నాకు చెడ్డ అభిప్రాయం లేదు గానీ, కింద గడిలోంచి ఆయన చూసే చూపు ఎవరి గట్టో కొలుస్తున్నట్టే ఉన్న మాట వాస్తవం.

సభ జరిగింది. ఆరుగురు మాట్లాడారు. ఆ ఆరుగురిలో నవల చదివినవాళ్ళు ఇద్దరని నా అంచనా. మిగతావాళ్ళు కొల్లేరు అందాల గురించి, వలస పక్షుల గురించి చెప్పి గట్టు దాకా రాకుండానే ముగించారు. మా పదిమంది మాత్రం గట్టు అన్న మాట కోసం ఊపిరి బిగబట్టి విన్నారు. అంత శ్రద్ధ గల శ్రోతలు ఆ మండపానికి మళ్ళీ దొరకరు. సన్మానం అయ్యాక, శాలువాల కింద సగం మునిగిపోయి టీచరమ్మగారు ఒక కుర్చీలో కూర్చున్నారు. బాబాయి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకాలే ఉల్లిపాయలు, కంటి డాక్టరు, ద్వారకా తిరుమల, అందరూ వరసగా నిలబడ్డారు.

ఆవిడ తలెత్తి చూశారు. "నువ్వు రెండో బెంచీ కదూ? ఏడో ఎక్కం రాక ఏడ్చేవాడివి."

"అవునండీ."

"ఇప్పుడొచ్చా?"

"వచ్చిందండీ. ఏమనుకోకండి టీచర్ గారండీ. మీ నవల్లో చెరువు నాదేనాండీ? పిల్లలు చదువుకుంటున్నారండీ. సర్వే వస్తోంది. మీరు కాదంటే కాదని ఓ కాయితం మీద రాసిస్తే, ఆఫీసులో చూపించుకుంటానండీ."

నాకు జోకు తట్టలేదు. అరుదుగా అలా జరుగుతుంది.

టీచరమ్మగారు శాలువాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. "నీదేవిట్రా? అది మా నాన్నది. నీలం షెడ్డు ఆయనదే, జరిగిన గట్టు ఆయనదే. నా టీచర్ ట్రైనింగుకి కట్టిన ఫీజు ఆ జరిగిన నేల మీద పెరిగిన చేపలదే. ఆ మాట రాయటానికి ముప్పై ఏళ్ళు పట్టింది నాకు. ఆయన పోయాక గానీ చెయ్యి రాలేదు."

బాబాయికి అప్పుడు అసలైన సందేహం వచ్చింది.

"మరి మూడు తాటిచెట్లండీ?"

"మా నాన్నకి రెండే. చదవటానికి బాగుంటుందని మూడు చేశాను."

మా బాబాయి ముఖం చూడాల్సింది. మూడున్నంతకాలం ఆయన చెరువు టీచరమ్మగారి నాన్నగారి చెరువులా లేదు. ఒకటి కొట్టించి, పనిగట్టుకుని, అచ్చం అలా చేసుకున్నాడు.

"అది సరే గానీ, నీ గట్టు కూడా జరిగిందా?" అన్నారావిడ.

"లేదండీ."

ఆవిడ చూశారంతే. మూడో తరగతిలో ఎలా చూసేవారో అలాగే చూసి ఉంటారు. ఎందుకంటే నలభై అయిదేళ్ళ మనిషి చూపు నేలకి దించేశాడు.

"కొంచెం జరిగిందండీ."

"ఎంత?"

"మూడు బారలుంటదండీ."

బార అంటే ఆరడుగులు. మా ఊరి చరిత్రలో ఆ అంకె ఒకరి నోట్లోంచి బయటికి రావటం అదే మొదలు. వెనక వరసలో చిన్న కదలిక. టీచరమ్మగారు అటు చూశారు. "నీది?" అన్నారు ఉల్లిపాయలాయన్ని. ఆయన రెండున్నర అన్నాడు. కంటి డాక్టరు నాలుగు అన్నాడు. ద్వారకా తిరుమల ఆయన మొక్కున్న మనిషి కాబట్టి అయిదు దాకా వెళ్ళాడు. వరసగా హాజరు చెప్పినట్టు చెప్పేశారు. టీచరమ్మగారు ఎవరినీ తిట్టలేదు, క్షమించనూ లేదు. "సరే, భోజనం చేసి వెళ్ళండి," అన్నారు. కార్యదర్శి గారు వంటవాళ్ళ వైపు పరుగెత్తారు.

ఇక్కడ అందరికీ పశ్చాత్తాపం కలిగి, సాహిత్యం మనిషిని మార్చేసిందని రాస్తే నాకు కూడా ఏదో ఒక బహుమతి రావచ్చు. కానీ తిరుగు రైల్లో జరిగింది వేరు. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. ఇన్నాళ్ళూ అందరికీ తెలిసినా తెలియనట్టుండే సుఖం ఒకటుండేది. అది గూడెంలో పోయింది. ఇప్పుడు ప్రతివాడి దగ్గరా మిగతా తొమ్మిదిమంది కొలతలూ ఉన్నాయి, బారలతో సహా. పూళ్ళ దాటాక బాబాయి నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, వీళ్ళలో సర్వేవాళ్ళకి ఎవడు ముందు చెబుతాడంటావు?"

"ఎవరు చెప్పినా మన మూడు బారలూ బయటికొస్తాయి బాబాయ్, అయిదు బారలాయన పక్కన."

ఏలూరు స్టేషన్లో దిగేటప్పుడు బాబాయి అన్నాడు. "నేనే చెప్పేస్తే ఇంక చెప్పటానికి ఎవడికీ ఏం మిగలదుగా."

సోమవారం పొద్దున్నే సర్వే ఆఫీసు తెరవకముందే మేమిద్దరం గుమ్మంలో ఉన్నాం. బాబాయి నవల కూడా చంకలో పెట్టుకుని వచ్చాడు, ఆ చెరువు తనది కాదని అవసరమైతే చూపించటానికి. లోపల ఒక కుర్ర ఆఫీసరు కంప్యూటర్ ముందున్నాడు. బాబాయి ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. గట్టు, మూడు బారలు, టీచరమ్మగారు, బహుమతి, వాట్సాప్ పేజీ, ఆవిడ నాన్నగారు.

"ఏ బహుమతండీ?" అన్నాడు ఆఫీసరు.

బాబాయి వివరించాడు. ఆఫీసరు పుస్తకం అట్ట చూసి, మర్యాదగా తిరిగిచ్చేసి, కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. ఆకాశంలోంచి తీసిన ఫోటో. అందులో మా చెరువు, చుట్టూ గట్టు, పడమటి గట్టుకి ఇటుగా ఒక ఎర్రగీత. షెడ్డు ఇంకా నీలంగానే ఉంది.

"ఇది మా దగ్గర ఎప్పటి నుంచో ఉందండీ. మనుషులు లేక కొలతలకి రాలేకపోయాం. ఈ ఎర్రగీతే హద్దండీ, దాన్ని మీరు దాదాపు పంతొమ్మిది అడుగులు దాటారు. మిగతా చెరువంతా మీ పట్టాలోనే ఉందండీ. ఈ నెలాఖరులోగా కొత్త గట్టు ఇటు వేసుకుని, పాతది తీసేసుకుంటానని రాసివ్వండి. చెరువు జోలికి మేం రాం."

బాబాయి సంతకం చేశాడు. చేశాక కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా రోజుల తర్వాత ఆయన పూర్తిగా వెనక్కి వాలటం అప్పుడే చూశాను. చెరువు నిలిచింది. పిల్లలు కాలేజీలోనే ఉంటారు. ఆఫీసరు కాయితం మీద ముద్ర కొట్టి, ఒక నకలు ఇస్తూ ఇంకో మాట చెప్పాడు.

"గట్టు తీయటానికి పొక్లెయిన్ మీరే మాట్లాడుకోవాలండీ. డీజిలు కూడా మీరే పోయించుకోవాలి."